అద్దంలో ఆవిడకి కాఫీ

జూన్ 9, సోమవారం

నాకంటే అదృష్టవంతుడు ఈ బెజవాడలో ఎవడైనా ఉంటే వచ్చి నా ముందు నిలబడమనండి! పొద్దున్నే రుచిత ఫోన్ చేసి "నాన్నా, కావేరి పాసయింది" అంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు.

కావేరి అంటే ఒరంగుటాన్. కర్ణాటకలో మా అమ్మాయి పనిచేసే జూలో ఉంటుంది. ఎర్రజుట్టు, ఇంతింత పొడుగు చేతులు, చిన్న కళ్ళు. ఫొటోలో చూస్తే మా మేనత్త చుట్ట కాల్చుకుంటూ అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది. దానికి పెట్టిన పరీక్ష ఇది. అది అరటిపండు తింటుండగా కనుబొమ్మ పైన, దానికి తెలియకుండా, తెల్లరంగు చుక్క పెట్టారు. తర్వాత అద్దం ముందుకి రానిచ్చారు. కావేరి చూసింది. అద్దంలో ఉన్న చుక్కని ముట్టుకోలేదు! చెయ్యెత్తి తన నుదుటి మీది చుక్కనే తుడుచుకుని, వేలు వాసన చూసుకుందట. అంటే అద్దంలో ఉన్నది తనే అని దానికి తెలుసన్నమాట. కుక్కకి ఇది తెలియదట. మామూలు కోతికి తెలియదట. మన పిల్లలకి కూడా రెండో ఏడు వచ్చేదాకా తెలియదట.

"కోతుల సంగతి నాకెప్పుడో తెలుసమ్మా" అన్నాను. ఆటోనగర్‌లో లారీలకీ బస్సులకీ అద్దాలు కోసిన చేతులు ఇవి. దుర్గమ్మ కొండ దగ్గర ఆగిన బస్సు అద్దంలో కోతి తన్ను తాను చూసుకుని, ఎవడో వచ్చాడని పళ్ళికిలించి కొట్టేది. ఆ పగిలిన అద్దాలన్నీ మా షాపుకే వచ్చేవి.

"అది నిజమే గానీ, కావేరిని మాత్రం ఎప్పుడూ కోతి అనకు నాన్నా. దానికి తోకేదీ?" అని నవ్వింది.

అసలు సంగతి చివర్లో చెప్పింది. ఇకనుంచి ఈ పరిశోధన మొత్తానికి తనే ఇన్‌చార్జి. మూడేళ్ళ పని. ఎనిమిదో తరగతి తప్పిన వాడి కూతురు! వెంటనే వెళ్ళి బందరు లడ్డూలు కొని, ఆటోనగర్ పాత మిత్రులందరికీ పంచాను. రేడియేటర్లు బాగుచేసే బడే మియా లడ్డూ నోట్లో పెట్టుకుని, "మీ అమ్మాయి కోతిని ఆడిస్తే నువ్వు స్వీట్లు పంచుతున్నావా రత్తయ్యా?" అన్నాడు.

"కోతి కాదోయ్, ఒరంగుటాన్. తోక ఉండదు."

"తోక లేదా? అయితే మా ఓనరు లాంటిదన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనే ఎక్కువ నవ్వాను.

ఇంటికొచ్చి సంపూర్ణానికి లడ్డూ ఇచ్చాను. తిని, "ఎవరి పెళ్ళండీ?" అంది. నా భార్యకి ఈ మధ్య కొంచెం పరాకు.


జూన్ 14, శనివారం

పరాకు ఎక్కువైంది. ఎండల వల్లే.


జూన్ 18, బుధవారం

ఈ రోజు వీడియో కాల్ బ్రహ్మాండంగా జరిగింది. సంపూర్ణం మంచం మీద కూర్చుంది. ఎదురుగా స్టూలు మీద ఫోన్ నిలబెట్టి, ఆ వెనకాల నేను కూర్చున్నాను. నాకు కొంచెం పని ఉంటుంది. నేను తల నిమురుకుంటే సంపూర్ణం "తలకి నూనె రాసుకుంటున్నావా అమ్మా?" అని అడుగుతుంది. చేతులు జోడిస్తే "ఉంటానమ్మా" అంటుంది. చంక గోక్కుంటే "కావేరి ఎలా ఉంది?" అంటుంది. ఒక్కటీ తప్పలేదు! ముందురోజు సాయంత్రం ఒకసారి గుర్తుచేస్తే చాలు. ఎంత తెలివి! రుచిత మురిసిపోయింది. ఈ కాల్స్ అన్నీ రికార్డు చేసి దాచుకుంటుందట, జూలో బెంగగా ఉన్నప్పుడు చూసుకోవడానికి.

దాన్ని మోసం చెయ్యడం కాదు ఇది. నా గుండె ఆపరేషన్‌కి ఉన్న ఉద్యోగం మానేసి వచ్చి కూర్చుంది అప్పట్లో. మళ్ళీ ఇంకో ఉద్యోగం దొరికేసరికి పిల్ల సగమైపోయింది. ఇప్పుడు తల్లికి చిన్న పరాకు అంటే చాలు, రాత్రి రైలెక్కేస్తుంది. మూడేళ్ళ పని, కావేరి, అంతా గంగలో కలిసిపోతుంది. పరాకు తగ్గాక ఎటూ చెప్తాం కదా.


జూన్ 26, గురువారం

సంపూర్ణానికి స్నేహితురాలు దొరికింది!

నవ్వొస్తోంది రాస్తుంటే. పడగ్గదిలో మంచం వెనకాల గోడకి నిలువుటద్దం ఉంది. సంపూర్ణం కంకిపాడు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో, షాపులో మిగిలిన పెద్ద ముక్కని నేనే కోసి, అంచులు అరగదీసి, చెక్కకి బిగించి ఇచ్చాను. మూలన చిన్న బీట ఉంది. అది నా తొందర. "ఉండనివ్వండి, దిష్టి తగలదు" అంది అప్పుడు.

ఇప్పుడు ఆ అద్దం ముందు కూర్చుని, "పాపం, ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉంటారే! తిన్నారా?" అని అడుగుతోంది. నన్ను చూసి గొంతు తగ్గించి, "ఏం చెప్పినా నవ్వుతుందండీ. మాట్లాడదు. చెవుడేమో" అంది. స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి అద్దం ముందు పెట్టింది. మా ఇంటికి వచ్చినవాళ్ళు కాఫీ తాగకుండా ఎప్పుడు వెళ్ళారు గనక!

సంపూర్ణం అటు తిరగ్గానే కాఫీ నేను తాగేశాను. వచ్చి ఖాళీ గ్లాసు చూసి ఎంత సంతోషపడిందో. "తాగింది పాపం, పంచదార సరిపోయినట్టుంది" అంది.

ఆటలాడుతోంది. చిన్నప్పటినుంచీ చిలిపిది.


జూన్ 30, సోమవారం

పక్క వాటాలో ఉండే జమాల్ బీతో మాట్లాడటం మానేశాను. మంగళగిరి చీరలకి ఫాల్స్ కుట్టుకుంటూ తన పని తను చూసుకోక, "అన్నయ్యా, నిన్న వదిన నన్ను పట్టుకుని ఎవరమ్మా నువ్వు అంది. ఇరవై ఏళ్ళ నుంచి గోడకి గోడ ఉన్నాం. డాక్టరుకి చూపించు" అంది.

"నువ్వు బుర్ఖాలో ఉన్నావు, పోల్చుకోలేదు."

"ముసుగు తీసే ఉన్నా. నీకు కోపమొస్తే రానీ. రేపు కూడా ఇదే చెప్తా."

రేపు చెప్పనివ్వను.


జూలై 2, బుధవారం

రుచిత ఈ రోజు ఒక వింత చెప్పింది. జపానులో చింపాంజీలకి అంకెలు నేర్పారట. టీవీ తెర మీద అంకెలు చెదురుమదురుగా కనబడి, రెప్పపాటులో మాయమవుతాయి. ఏ అంకె ఎక్కడుందో వరసగా ముట్టుకుని చూపించాలి. చింపాంజీ పిల్ల టకటకా చూపించేస్తుంది! అదే పరీక్ష కాలేజీ కుర్రాళ్ళకి పెడితే తెల్లమొహం వేశారట.

"అంటే జ్ఞాపకంలో అవి మనకంటే గొప్పవా తల్లీ?"

"ఆ ఒక్క విషయంలో అవును నాన్నా. చూసింది చూసినట్టు పట్టుకుంటాయి. మనం మాటలు నేర్చుకుని, ఆ శక్తి పోగొట్టుకున్నామేమో అని కొందరంటారు."

ఫోన్ పెట్టేశాక ఎంత తేలికపడ్డానో! వెళ్ళి సంపూర్ణం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మరచిపోవడం అనేది మనిషి లక్షణం. సంపూర్ణం మనిషి. అంతే.


జూలై 5, శనివారం

చెయ్యకూడని పనేమీ కాదు. రుచిత చేసిందే నేనూ చేశాను.

మధ్యాహ్నం సంపూర్ణం నిద్రపోతుండగా కుంకుమ వేలికి అద్దుకుని, ఎడమ కనుబొమ్మ పైన చిన్న చుక్క పెట్టాను. కదల్లేదు. లేచాక, జడ వేసుకోమని అద్దం ముందు కూర్చోబెట్టాను. నా గుండె ఎలా కొట్టుకుందో ఆ ఆపరేషన్ చేసిన డాక్టరుకే తెలియాలి.

అద్దంలో చూసింది. వంగి చూసింది. చుక్కనే చూసింది!

"అయ్యో, బొట్టు ఎక్కడో పెట్టుకుంది చూడండి. కళ్ళు ఆనవు కాబోలు పాపం" అంది.

చెయ్యి ఒళ్ళోనే ఉంది. నుదుటి దాకా రాలేదు.

తువ్వాలు తడిపి నేనే తుడిచాను. వెలుతురు చాలలేదు. ఆ గదిలో మధ్యాహ్నం వెలుతురు సరిగ్గా ఉండదు.


జూలై 6, ఆదివారం

మళ్ళీ పెట్టాను. ఈసారి ట్యూబులైటు వేసి.

వెలుతురు చాలలేదు.


జూలై 7, సోమవారం

కుంకుమ భరిణె పైఅరలో పెట్టేశాను. ఇలాంటివి చదువుకున్నవాళ్ళు చెయ్యాలి. మనకి చేతకాదు.


జూలై 12, శనివారం

ఈ రోజు నాకు మళ్ళీ పెళ్ళయినట్టుంది! సాయంత్రం సంపూర్ణం గుమ్మం దగ్గరికీ గదిలోకీ తిరుగుతోంది. "ఏం కావాలి సంపూర్ణం?" అన్నాను. కొంగు భుజం మీదుగా కప్పుకుని, "మా ఆయన షాపు నుంచి వచ్చే వేళయింది. ఇంక మీరు బయల్దేరండి బాబాయిగారూ. ఆయన వచ్చేసరికి మీరిక్కడ ఉంటే బాగుండదు" అంది.

లేచాను. పెట్టె అడుగున ఉన్న షాపు ఖాకీ చొక్కా తీసి వేసుకున్నాను. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. చెప్పులేసుకుని బందరు రోడ్డు దాకా నడిచి, అక్కణ్ణుంచి తిరిగి వచ్చి, అప్పట్లోలాగే గేటు దగ్గరే "సంపూర్ణం, మంచినీళ్ళు!" అని కేకేశాను.

పరుగులాంటి నడకతో వచ్చింది! "వచ్చారా! ఇంత ఆలస్యమైతే ఎలా? ఏవీ, చేతులు చూపించండి" అంది.

షాపు నుంచి రాగానే నా చేతులు లైటు కింద పెట్టి ఒక్కొక్క వేలూ తడిమి చూసేది. అద్దం కోసేటప్పుడు కంటికి కనబడని గాజు పలుకులు చర్మంలో దిగుతాయి. వాటిని పిన్నీసుతో తీసేది. ఆ పలుకులతోనే అన్నం కలుపుకుంటే పేగుల్లోకి పోతాయని భయం. ఈ రోజు కూడా ఒక్కొక్క వేలూ చూసింది. "ఇవాళ ఏమీ లేవు" అంది.

రిటైరైన వాడి చేతుల్లో ఏముంటాయి? కానీ చూసింది కదా! నన్ను చూసింది కదా! ఇక రోజూ సాయంత్రం వెళ్ళి వస్తాను. నడక కూడా మంచిదే.


జూలై 15, మంగళవారం

చొక్కా గుండీ జమాల్ బీ మార్చి కుట్టిపెట్టింది. నేనేమీ అడగలేదు, తనూ ఏమీ అడగలేదు. మళ్ళీ మాట్లాడుతున్నాను.


జూలై 20, ఆదివారం

రుచిత ఈ రోజు వీడియో కాల్ చెయ్యలేదు. మామూలు ఫోన్ చేసింది. మొదట తన పని గురించే చెప్పింది.

"నాన్నా, చాలా ఏళ్ళ కిందట అమెరికాలో ఒక చింపాంజీకి సైగల భాష నేర్పారు. అది చేతులతో మాట్లాడేస్తోందని లోకమంతా గోల. తర్వాత ఆ ప్రయోగం నడిపిన పెద్దాయనే ఆ వీడియోలు నెమ్మదిగా తిప్పి చూశాడు. ఏం కనబడిందో తెలుసా? దాని చెయ్యి కదలడానికి ముందు టీచరు చెయ్యి కదులుతోంది. చాలాసార్లు అది మాట్లాడటం లేదు. ఎదుటివాళ్ళని చూసి చేస్తోంది. టీచర్లు అబద్ధం చెప్పలేదు నాన్నా. వాళ్ళకే తెలియలేదు. అంత ప్రేమ దాని మీద."

"పాపం" అన్నాను.

"నాన్నా, అమ్మ వెనకాల అద్దం ఉంది కదా?"

"ఉంది."

"అందులో చంక గోక్కుంటున్నదెవరు?"

నలభై ఏళ్ళు అద్దాలు కోసినవాణ్ణి. ఏ అద్దం ఎక్కడ పెడితే ఏది కనబడుతుందో డ్రైవర్లకి చెప్పినవాణ్ణి. నా ఇంట్లో అద్దం నన్ను చూపిస్తోందని నాకు తట్టలేదు.

"దోమ కుట్టిందమ్మా" అన్నాను.

"ప్రతిసారీ అమ్మ కావేరి గురించి అడగబోయే ముందేనా నాన్నా, దోమ కుట్టేది?"

నవ్వాను. అది నవ్వలేదు. కాసేపటికి ఏడుపు వినబడింది. "ఎప్పటినుంచి?" అంది. ఎండల నుంచి అన్నాను. ఏ ఏడు ఎండలు నాన్నా అని అడిగింది. వరలక్ష్మీ వ్రతానికి వస్తున్నానంది.

వస్తోంది! మా అమ్మాయి వస్తోంది! ఏదైతేనేం, ఏడాది తర్వాత ఇంటికొస్తోంది.


జూలై 21, సోమవారం

అద్దం తీసి జమాల్ బీ వాటాలో పెట్టించాను. రోగం కుదర్చాలంటే ముందు అద్దంలో ఆవిణ్ణి పంపించేయాలి.


జూలై 22, మంగళవారం

సంపూర్ణం నిన్నటినుంచీ అన్నం ముట్టలేదు. ఖాళీ గోడ తడుముతోంది. "నేనేమన్నానండీ? ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయింది. మనసు కష్టపెట్టానేమో" అంది. కాఫీ పెట్టింది. గోడ ముందు నిలబడి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని ఉంది.

మధ్యాహ్నం అద్దం తెచ్చి బిగించాను. చూడగానే రెండు చేతులూ చాచి, "వచ్చారా!" అంది. ఆ మాట నాదే అనుకున్నాను ఇన్నాళ్ళూ.


ఆగస్టు 6, బుధవారం

రుచిత పొద్దున రైలు దిగింది. చిక్కింది. చేతి మీద గీరిన గాటు, కావేరి ముద్దు చేసిందట. గుమ్మంలోకి రాగానే "అమ్మా" అంది. సంపూర్ణం నవ్వి, "రండి, కూర్చోండి. ఎవరింటికి వచ్చారు?" అంది.

నిద్ర లేచిన వెంటనే అలాగే ఉంటుంది. రుచితకి అదే చెప్పాను. అది బ్యాగు భుజం మీంచి దించకుండానే, "మీ ఇంటికేనండీ" అంది.


ఆగస్టు 8, శుక్రవారం

ఈ రోజు జరిగినదంతా రాయాలి. చెయ్యి నొప్పి పుట్టినా సరే.

వరలక్ష్మీ వ్రతం. ఏటా సంపూర్ణం వీధంతా పిలిచేది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ పాదాలకి పసుపు, నుదుట బొట్టు, ఒళ్ళో తాంబూలం, నానబోసిన శనగలు. జమాల్ బీ తప్ప, బొట్టు పెట్టించుకోకుండా మా గడప దాటినవాళ్ళు లేరు. ఈసారి రుచితే అన్నీ చేసింది. జమాల్ బీ పొద్దున్నే వచ్చి మల్లెలు మాల కట్టి ఇచ్చింది. వాయనం వేళకి మళ్ళీ వచ్చి, బొట్టు వద్దని శనగలు మాత్రం కొంగులో వేయించుకుంది. అది కూడా ఏటా ఉన్నదే.

సంపూర్ణం పట్టుచీరలో మూలన కూర్చుంది. ఎవరు పలకరించినా తల ఊపింది. అందరూ వెళ్ళాక లేచి, కుంకుమ భరిణె, పసుపు గిన్నె, తమలపాకులు, ఒక పొట్లం శనగలు తీసుకుని గదిలోకి వెళ్ళింది. మేము వెనకే వెళ్ళాం.

అద్దం ముందు కూర్చుంది. "అందరికీ ఇచ్చాను, మిమ్మల్ని మర్చిపోతానా?" అంది. వేలితో కుంకుమ తీసి అద్దం మీద, ఆవిడ నుదుటి మీద, ఎంత జాగ్రత్తగా పెట్టిందో! చెదిరిన కుంకుమ చీర కొంగుతో అద్దం మీదే తుడిచింది. తాంబూలం ఒళ్ళో పెట్టబోతే గాజు అడ్డొచ్చింది. "మొహమాటపడకండి" అని అక్కడే కింద పెట్టింది.

రుచిత మెల్లగా వెళ్ళి పక్కన కూర్చుంది. అద్దంలో ఇద్దరయ్యారు. సంపూర్ణం అద్దంలోకే చూసి, "మీ అమ్మాయా?" అంది. "కళకళలాడుతోంది. ఏం చేస్తుంది?"

రుచిత అద్దంలోంచే, "జూలో పని చేస్తానండీ" అంది.

"మా అమ్మాయీ చదువుకుంటోంది. వాళ్ళ నాన్నకి అదంటే ప్రాణం. దానికి జ్వరమొస్తే ఆయన అన్నం మానేస్తారు" అని చెప్పి, రుచితకి కూడా అద్దం మీదే బొట్టు పెట్టింది. రుచిత మొహం అద్దంలో ఎక్కడుందో అక్కడ. రుచిత తల కదపకుండా, ఊపిరి బిగబట్టి, బొట్టు పెట్టడం అయ్యేదాకా అలాగే ఉండిపోయింది.

తర్వాత సంపూర్ణం అద్దంలో నన్ను చూసింది. "ఆ వెనకాల పెద్దాయన మీ మామగారా? పాపం, ఎందుకో కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయనకి కాస్త కాఫీ ఇవ్వండి" అంది.

బయటికి వచ్చాక రుచితని అడిగాను. అడగక్కర్లేదని తెలిసీ అడిగాను. "తల్లీ, ఆ పరీక్ష ప్రకారం..."

"పాసవలేదు నాన్నా."

"కావేరి పాసయింది."

"అవును."

కాసేపు ఇద్దరం శనగలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. ఎవరి కోసం ఒలుస్తున్నామో తెలియదు. తర్వాత అదే అంది, "గొరిల్లాలు కూడా చాలాకాలం ఆ పరీక్ష తప్పాయి నాన్నా. వాటికి ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి సూటిగా చూడటం కయ్యానికి దిగడం లాంటిది. అందుకని అద్దం వైపే సరిగ్గా చూసేవి కావు. తెలివి లేక కాదు, అది వాటి పద్ధతి కావచ్చని కొందరన్నారు."

"అదీ మాట! అంటే అమ్మ కూడా..."

"కాదు నాన్నా" అంది మెల్లగా. నా చెయ్యి పట్టుకుంది. "అమ్మది అది కాదు. అమ్మది జబ్బు. నువ్వు నన్ను మాట పూర్తిచెయ్యనివ్వవు. కావేరి అద్దంలో తన్ను తాను పోల్చుకుంది. అమ్మ పోల్చుకోలేదు. అయినా ఎదురుగా ఎవరో ఉన్నారనుకుని బొట్టు పెట్టింది. రెండూ నా కళ్ళతో చూశాను. రెండోదానికి నా దగ్గర పరీక్ష లేదు. అంతే చెప్పగలను."

నాకు అర్థం కాలేదు. అర్థమైంది కూడా.


ఆగస్టు 11, సోమవారం

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. తలకి ఫొటోలు తీశారు, ప్రశ్నలు అడిగారు. నేను పక్కన కూర్చుంటే, "మీరు కాసేపు బయట ఉండండి" అన్నారు. నేను సైగలు చేస్తానని ఆయనకి ఎవరు చెప్పారో.

జబ్బు పేరు చెప్పారు. రాయను. పోయిన జ్ఞాపకం వెనక్కి రాదన్నారు. ఉన్నది నెమ్మదిగా వెళ్ళేలా మందులిస్తామన్నారు.

ఆటోలో రుచిత, "పని మానేసి వచ్చేస్తాను" అంది. నేను బందరు రోడ్డు మీదే, ఆటో డ్రైవరు వింటుండగానే చేతులు జోడించాను. "నీ కాళ్ళకి దణ్ణం పెడతాను తల్లీ. అమ్మకి తెలిసిన నువ్వు ఇప్పటికీ చదువుకుంటున్నావు. ఆ చదువు ఆపకు" అన్నాను. అది ఏడుస్తూ నవ్వింది. డ్రైవరు ఆటో పక్కకి ఆపి, "తొందర్లేదండీ, నిమ్మళంగా మాట్లాడుకోండి" అన్నాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. దసరా అయ్యాక మమ్మల్నిద్దర్నీ తన దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కడ ఇల్లు చూస్తుంది. అప్పటిదాకా పగలు జమాల్ బీ తన కుట్టు మా ఇంట్లోనే పెట్టుకుంటుంది. వీడియో కాల్ రోజూ ఉంటుంది గానీ నేను చెయ్యి కదపకూడదు. "మాట ఇచ్చినట్టేనా నాన్నా?" అంది. ఇచ్చాను.

అద్దం కూడా మాతో రావాలి అన్నాను. "అద్దం లేకుండా ఎలా" అంది. గోనెసంచి, గడ్డి పెట్టి నేనే కడతాను. నా చేత్తో కట్టిన అద్దం ఇంతవరకూ ఒక్కటి పగల్లేదు.


ఆగస్టు 13, బుధవారం

రుచిత వెళ్ళింది. సంపూర్ణం గేటు దాకా వచ్చి, "మళ్ళీ రండి" అంది.


ఆగస్టు 18, సోమవారం

కాల్. సంపూర్ణం ఏమీ మాట్లాడలేదు. ఫోన్లో రుచితని చూస్తూ కూర్చుంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. రుచిత కూడా ఏమీ మాట్లాడించలేదు. చాలాసేపు అలాగే.


ఆగస్టు 21, గురువారం

అలాగే.

సాయంత్రం షాపు నుంచి వచ్చాను. వేళ్ళు చూసింది. అది చాలు నాకు.


ఆగస్టు 24, ఆదివారం

ఈ రోజు నాకంటే అదృష్టవంతుడు ఎక్కడైనా ఉన్నాడా!

కాల్‌లో రుచిత కావేరిని చూపించింది. కటకటాల అవతల కూర్చుని, గోనెపట్టా నెత్తిన కప్పుకుని ఉంది, ఎండ తగలకుండా. సంపూర్ణం దాన్ని చూసింది. రుచితని చూసింది. నేను చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎవరు తిరగేసి చూసుకున్నా సరే, అద్దంలో నా చేతులు కనబడవు. నా కళ్ళు కూడా మూసుకున్నాను, కళ్ళతో చెప్పానని ఎవరైనా అంటారేమోనని.

అప్పుడు సంపూర్ణం గొంతు వినబడింది.

"తిన్నావా?"

కళ్ళు తెరిచాను. ఫోన్ మీదికి వంగి ఉంది. "తిన్నానమ్మా" అంది రుచిత.

"ఇంకొంచెం తినాల్సింది" అంది సంపూర్ణం.

నేను నేర్పలేదు. ముందురోజు గుర్తుచెయ్యలేదు. దుర్గమ్మ మీద ఒట్టు, నా చేతులు తొడల కిందే ఉన్నాయి. "నాన్నా, చూశావా?" అంది రుచిత. చూశానమ్మా, విన్నానమ్మా అన్నాను. జమాల్ బీని పిలిచి చెప్పాను. బడే మియాకి ఫోన్ చేసి చెప్పాను. లడ్డూలు ఎక్కడ అన్నాడు.

అద్దంలో ఆవిణ్ణి కూడా రోజూ అదే అడుగుతుంది, తిన్నారా అని. రుచితకి చెప్పలేదు. ఇక్కడ కూడా రాయకూడదనుకున్నాను.